అపార్ ఫారం మీద సంతకం పెట్టనన్న తండ్రి, ఫేస్‌బుక్‌లో కూతురి ఫొటోలు: ఇది డబుల్ స్టాండర్డ్ కాదా?

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. మీరు కావలిలో ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నారు. అపార్ ఐడీ (ప్రతి విద్యార్థికీ కేంద్రం ఇచ్చే గుర్తింపు నంబరు) కోసం తల్లిదండ్రుల చేత సమ్మతి ఫారాల మీద సంతకాలు పెట్టించమని మీకు అప్పజెప్పారు. ఒక తండ్రి "మా పాప వివరాలు ప్రభుత్వానికి ఎందుకివ్వాలి, అది మా ప్రైవసీ" అని సంతకం పెట్టకుండా పంపించేశాడు. అదే మనిషి ఫేస్‌బుక్ చూస్తే పాప పుట్టినరోజు, స్కూల్ యూనిఫాంలో ఫొటో, ఇంటి ముందు సైకిల్, అన్నీ ఉన్నాయి. "అమెరికా కంపెనీకి అన్నీ ఇచ్చి మన ప్రభుత్వానికి మాత్రం ఇవ్వనంటాడా? ఆయన్ని ఎలా ఒప్పించాలి?" అని అడిగారు.

ఒప్పించొద్దండి. ఆయనది డబుల్ స్టాండర్డే, కాదనను. కానీ అందువల్ల ఆయన హక్కు పోదు. అపార్ స్వచ్ఛందం అని కేంద్ర విద్యాశాఖే చెప్పింది, సమ్మతి ఫారం పెట్టింది కూడా అందుకే. వద్దనే వీలు లేనిదాన్ని సమ్మతి అనరు. ఆయన వద్దంటే వద్దని రాయించుకుని ఫైల్లో పెట్టండి, అంతే మీ పని. వంద శాతం చెయ్యాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది, తెలుసు. ఆ ఒత్తిడి మీ మీదిది, దాన్ని ఆయన మీదకు నెట్టకండి.

ఇక ఇదంతా చెప్పడానికి నేనెవరిని అంటే, లాయర్‌ని కాను. కందుకూరులో 2004 నుంచి జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఆధార్ వచ్చిన కొత్తలో రెండేళ్ళు ఎన్‌రోల్‌మెంట్ ఆపరేటర్‌గా చేశాను. ఇప్పుడు ఆన్‌లైన్ అప్లికేషన్లు, వేలిముద్రతో డబ్బులిచ్చే కౌంటరు. ఇన్నేళ్ళలో ఎంతమంది ఆధార్ కార్డులు నా చేతుల మీదుగా పోయాయో లెక్కలేదు. కాబట్టి ఇది వేరేవాళ్ళ డేటాని రోజూ పట్టుకునే మనిషి చెప్పే మాట అనుకోండి.

నేను చూసిందాన్నిబట్టి ప్రైవసీ గురించి మాట్లాడే ప్రతివాడూ ఎదుటివాడి చేతిలో ఉన్నదాని గురించే మాట్లాడతాడు. ప్రభుత్వం కంపెనీల గురించి, కంపెనీలు ప్రభుత్వం గురించి, మనం ఇద్దరి గురించీ. అందుకే ఎవరు మంచోళ్ళు అనే లెక్కలోకి నేను పోను. ఎవరు ఏ వివరం అడిగినా ఒక్కటే చూస్తాను: "వద్దంటే ఏమవుతుంది?"

ఆ తండ్రి ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టకపోతే ఏమవుతుంది? నాలుగు లైకులు తగ్గుతాయి. రేపు బుద్ధి మారితే తీసెయ్యొచ్చు కూడా, కంపెనీ దగ్గర కాపీ మిగులుతుందేమో గానీ లోకానికి కనబడదు. మా దగ్గర పొగాకు గోడౌన్లలో ముప్పై ఏళ్ళు గ్రేడింగ్ చేసిన ఒకావిడ ఉంది. వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి, మెషిన్ ఒకసారి పడుతుంది, పదిసార్లు పట్టదు. "ఈ ముద్రలు నేనివ్వను" అని ఆమె అంటే? పింఛను ఆగుతుంది, బియ్యం ఆగుతుంది. ప్రభుత్వ సొమ్ముతో ఇచ్చే పథకాలకు ఆధార్ అడగవచ్చని 2016 నాటి ఆధార్ చట్టం ఏడో సెక్షన్‌లో ఉంది, 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అదే తీర్పులో ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడిగే వీలిచ్చిన 57వ సెక్షన్‌ని అంతమేరకు కొట్టేసింది. అంటే బ్యాంకువాడికి, సిమ్ము వాడికి వద్దని చెప్పి ఇంకో గుర్తింపు కార్డు చూపించొచ్చు. బియ్యం దగ్గర ఆమెకు ఆ దారి లేదు. రెండు చోట్లా అడిగేది అవే పన్నెండు అంకెలు.

కాబట్టి "గూగుల్‌కి ఇచ్చావు కదా, ప్రభుత్వానికి ఇస్తే ఏంది" అనే మాటలో పస లేదు. కంపెనీ మనల్ని చూసేది అమ్ముకోవడానికి. ప్రభుత్వం చేతిలో మన కార్డు, మన కేసు, మన భూమి అడంగల్ ఉన్నాయి.

అట్లాగని కంపెనీలు అమాయకం అనుకోకండి. 2005లో గూగుల్ అప్పటి సీఈఓ ఎరిక్ ష్మిట్ గురించి సీనెట్ అనే వార్తాసంస్థ ఒక వ్యాసం రాసింది. ఆయన ఆస్తి, ఉండే ఊరు, హాబీలు, అన్నీ గూగుల్లోనే వెతికి రాసింది. గూగుల్‌కి కోపమొచ్చి ఆ సంస్థతో మాట్లాడేది లేదని ప్రకటించింది. లోకం వివరాలన్నీ వెతికిపెట్టే కంపెనీకి సొంత ముఖ్యుడి వివరాలు వెతికితే నొప్పి పుట్టింది! మార్క్ జుకర్‌బర్గ్ 2013లో పాలో ఆల్టోలో తన ఇంటి చుట్టూ ఉన్న నాలుగు ఇళ్ళు కొనేశాడు, ప్రైవసీ కోసమే. మనకు ఆ సౌకర్యం లేదు కదా, పక్కింటి గోడ మనింటి గోడ ఒకటే.

ఇప్పుడు ప్రభుత్వం వైపు. నాకు అన్నిటికన్నా విడ్డూరంగా అనిపించింది 2017 జూలై. ఆ నెలలో సుప్రీంకోర్టులో రెండు కేసులు నడుస్తున్నాయి. ఒకటి తొమ్మిదిమంది జడ్జీల ముందు, ప్రైవసీ ప్రాథమిక హక్కా కాదా అని. అక్కడ కేంద్రం వాదన కాదని. 1954, 1962 నాటి పాత తీర్పులు చూపించి రెండేళ్ళుగా అదే పాట. ఇంకో కేసు వాట్సాప్ తన యూజర్ల వివరాలు ఫేస్‌బుక్‌కి ఇవ్వడం మీద. అక్కడ అదే కేంద్రం తరఫు లాయరు లేచి, మనిషి డేటా అతని వ్యక్తిత్వంలో భాగం, అది 21వ అధికరణంలోని జీవించే హక్కులోదే, కంపెనీ ఒప్పందం దాన్ని దెబ్బతీస్తే ఊరుకోం అన్నారు. ఒకే కోర్టు, ఒకే నెల, ఒకే ప్రభుత్వం. మా ఊళ్ళో పొలం గట్టు తగాదాల్లో ఇట్లాంటివి చూస్తుంటాం. తూర్పు గట్టు దగ్గర ఒక కొలత, పడమర గట్టు దగ్గర ఇంకో కొలత.

ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. పుట్టస్వామి కేసు అంటారు. ఆ తర్వాత కూడా కొలతలు రెండుగానే ఉన్నాయి. 2018 డిసెంబరులో కేంద్ర హోంశాఖ, ఏ కంప్యూటర్లోని సమాచారాన్నైనా చూసే అధికారం పది ఏజెన్సీలకు ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2020 జూన్ 29న 59 చైనా యాప్‌లు నిషేధించారు, మన డేటా బయటికి పోతోందనేది చెప్పిన కారణాల్లో ఒకటి. నిషేధం తప్పని అనడంలేదు. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త పాలసీ తెస్తే, యూరప్ వాళ్ళకు ఒక రకం మనకు ఒక రకమా అని కేంద్రం గట్టిగానే అడిగింది. సరైన మాట. 2024 నవంబరులో ఆ పాలసీ మీదే కాంపిటీషన్ కమిషన్ వాట్సాప్ యజమాని మెటాకి 213 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది, అదీ సరైనదే. కానీ అదే 2021లో కొత్త ఐటీ నిబంధనల్లో, ఒక మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పేట్టు ఏర్పాటు చెయ్యమని వాట్సాప్‌నే అడిగారు. అట్లా చేస్తే ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాడూ అందుకున్నవాడూ తప్ప ఎవరూ చదవలేని తాళం, పోతుందని కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెళ్ళింది. ఎవరు ఎవరి నుంచి మనల్ని కాపాడుతున్నారో చూడండి. ఫోన్లలోకి దూరి నిఘా పెట్టే పెగాసస్ సాఫ్ట్‌వేర్ విషయంలో సుప్రీంకోర్టు వేసిన కమిటీకి ప్రభుత్వం సహకరించలేదని 2022 ఆగస్టులో కోర్టులోనే బయటపడింది.

ఇవన్నీ ఢిల్లీ సంగతులు, మనకెందుకు అంటారా? నా బండి కథ చెబుతాను.

2018లో స్కూటీ కొన్నాను. మరుసటేడు ఇన్సూరెన్స్ అయిపోయే ముందు ఫోన్లు మొదలయ్యాయి. బండి నంబరు చెబుతారు, మోడల్ చెబుతారు, తేదీ చెబుతారు. షోరూం వాళ్ళే అమ్ముకున్నారని వెళ్ళి గొడవేసుకున్నాను. ఆ కుర్రోళ్ళు బిత్తరపోయారు. తర్వాత పేపర్లో చదివాను: వాహన రిజిస్ట్రేషన్, లైసెన్సుల వివరాలను కంపెనీలకు గంపగుత్తగా ఇవ్వడానికి కేంద్ర రవాణాశాఖ దగ్గర 2019లో ఒక పాలసీయే ఉందనీ, అప్పటికే దాని మీద 65 కోట్ల రూపాయలు వచ్చాయని మంత్రి పార్లమెంటులో చెప్పారనీ. 2020లో ఆ పాలసీ రద్దు చేశారు. నాకొచ్చిన ఫోన్లకు దీనికి సంబంధం ఉందని నేను రుజువు చెయ్యలేను. ఆ షోరూం పిల్లోడికి మాత్రం సారీ చెప్పొచ్చాను.

మన రాష్ట్రం సంగతి కూడా. 2018లో మన గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతంతో సహా ఎవరైనా చూసేట్టు ఉండిపోయాయి. బయటపడ్డాక తీసేశారు. 2025 జనవరి 30న "మన మిత్ర" మొదలైంది, మొదట్లో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోనే. నేను దాన్ని తప్పు పట్టను. మా కస్టమర్లు కొందరు ఇప్పుడు నా షాపుకి రాకుండా ఇంట్లోనే పని చేసుకుంటున్నారు, నా జేబుకి చిల్లు పడ్డా మంచిదే. కాకపోతే కేంద్రం కోర్టులో కొట్లాడిన కంపెనీ చేతి మీదుగానే రాష్ట్రంలో సర్టిఫికెట్లు ఇస్తున్నారనేది గుర్తుంచుకుంటే చాలు.

2022 మేలో ఒక రెండ్రోజుల తమాషా కూడా జరిగింది. ఆధార్ జిరాక్స్ ఎవరికీ ఇవ్వొద్దు, మాస్క్డ్ కాపీ (కొన్ని అంకెలు దాచినది) ఇవ్వండి అని ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు సలహా ఇచ్చింది. జనం కంగారుపడేసరికి రెండ్రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. నాకైతే ఆ రెండ్రోజులు జిరాక్స్ గిరాకీ సగం పడిపోయింది. సలహా మాత్రం బంగారంలాంటిది, నేను ఇప్పటికీ అదే చెబుతాను.

"నా దగ్గర దాచుకోడానికి ఏముంది" అనేవాళ్ళు నా కౌంటరు దగ్గర రోజుకు పదిమంది. ఉలవపాడు వైపు నుంచి రొయ్యల గుంట కాడ పనిచేసే ఒక కుర్రాడు వచ్చేవాడు. యాప్‌లో ఐదువేలు అప్పు తీసుకున్నాడు. కాంటాక్టులు, ఫొటోలు చూడనివ్వమంటే సరే నొక్కాడు. వాయిదా నాలుగు రోజులు ఆలస్యమైంది. అంతే, వాళ్ళ అక్క అత్తగారికి, గుంట ఓనరుకి, చిన్నప్పటి మాస్టారికి, అందరికీ వీడు దొంగ అని మెసేజ్‌లు. వాడు దాచింది ఏమీ లేదు. ఫోన్‌బుక్‌లో ఉన్న పేర్లే వాడి మెడకు చుట్టుకున్నాయి. అప్పు యాప్‌లు కాంటాక్టులు, ఫైళ్ళు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధన తెచ్చింది. వీడి సంగతి అంతకుముందుది.

ఇంకో కథ చెప్పాలి, చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఇంటింటి సర్వేకొచ్చిన వాళ్ళని "మీకెందుకయ్యా మా ఇంటి సంగతులు" అని వీధిలో నిలబెట్టి అరిచిన పెద్దమనిషి ఒకాయన. ఆయనే వారం తర్వాత షాపుకొచ్చి, ఇంటర్ చదివే కూతురి వాట్సాప్ తన ఫోన్లో కనబడేట్టు చెయ్యమన్నాడు. ఆ అమ్మాయి ఫోను ఆయన చేతిలోనే ఉంది. చేసిపెట్టాను. యాభై రూపాయలు తీసుకున్నాను. నెల తర్వాత ఆ అమ్మాయే వచ్చి "అంకుల్, లింక్డ్ డివైసెస్ అంటే ఏంది" అని అడిగింది. ఏం చెప్పను? తండ్రి ఫోనుకి నేను పెట్టిన ఆ లింకు తీసేసి, ఎట్లా చూసుకోవాలో నేర్పించాను. అప్పటినుంచి మొగుళ్ళు, తండ్రులు, అన్నలు ఎవరొచ్చి అడిగినా ఆ పని చెయ్యను. నెలకు ఒకరిద్దరైనా అడుగుతారు, గట్టిగా చదువుకున్నోళ్ళే.

నా షాపు సంగతీ చెప్పాలి కదా. ఒకసారి సిస్టమ్ స్లో అయిందని చూస్తే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మూడువేలకు పైగా ఫైళ్ళు. సగం ఆధార్లు, మిగతావి పాన్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, పదో తరగతి మెమోలు. ప్రింటు కోసం వాట్సాప్‌లో పంపినవి. ఎవరూ దొంగిలించలేదు, నేను అమ్మలేదు, అట్లా పడున్నాయంతే. ఆరోజు నుంచి రాత్రి షట్టర్ దించే ముందు అది ఖాళీ చేస్తాను. మీరు వెళ్ళే షాపువాడు చేస్తాడో లేదో నాకు తెలియదు, కాబట్టి ప్రింటయ్యాక మీ కళ్ళముందే డిలీట్ చేయించండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. మొహమాటపడకండి.

కౌంటరు అనుభవంతో ఇంకొన్ని. ఆధార్ వెబ్‌సైట్‌లో మాస్క్డ్ కాపీ దిగుతుంది, చివరి నాలుగు అంకెలే కనబడతాయి. హోటల్ గదికి, కొరియర్‌కి అది చాలు. కొన్ని ఆఫీసుల్లో ఒప్పుకోరు, అప్పుడు పూర్తి జిరాక్స్ మీద అడ్డంగా ఎందుకిచ్చారో, తేదీ ఎంతో రాసి సంతకం పెట్టండి. మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కేంద్ర టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఒకాయన పేరు మీద ఆయన ఎప్పుడూ చూడని నాలుగు బయటపడ్డాయి. మళ్ళీ అదే సంచార్ సాథీని కొత్త ఫోన్లన్నిటిలో ముందే వేసి అమ్మాలని 2025 చివర్లో ఉత్తర్వు ఇచ్చి, గొడవ కాగానే రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. మనకై మనం వాడుకుంటే పనికొచ్చేదే, తప్పనిసరి అనేసరికి జనానికి మండింది.

బయోమెట్రిక్ లాక్ గురించి జాగ్రత్త. ఆధార్ యాప్‌లో వేలిముద్రలు లాక్ చేసుకోమని యూట్యూబ్‌లో అందరూ చెబుతారు. ఉద్యోగస్తులకు మంచిదే. మన తెలుగు రాష్ట్రాల్లోనే రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు అచ్చులు తీసి మోసాలు చేశారు. 2018లో పెద్దపల్లి జిల్లాలో అట్లా సిమ్ములు యాక్టివేట్ చేసినవాణ్ణి పట్టుకున్నారు. కానీ ఇంట్లో పింఛను తీసుకునే ముసలివాళ్ళకు, రేషన్‌కి వేలు పెట్టేవాళ్ళకు తెలియకుండా లాక్ చేశారంటే ఒకటో తారీఖున మెషిన్ మీద 330 అని ఎర్రర్ వస్తుంది. కొడుకేమో హైదరాబాద్‌లో లాక్ చేసి ఉంటాడు, ఓటీపీ వాడి ఫోనుకి పోతుంది, ముసలాయన నా కౌంటరు ముందు కూర్చుంటాడు. ఇట్లాంటివి నాలుగైదు చూశాను.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అని కొత్త చట్టం ఉంది కదా అంటారు. 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడినుంచి పద్దెనిమిది నెలల గడువు. కంపెనీ తప్పు చేస్తే 250 కోట్ల దాకా జరిమానా. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. బాగుంది. అదే చట్టం 17వ సెక్షన్ కింద, కేంద్రం నోటిఫై చేసిన తన సంస్థలకు దేశభద్రత, శాంతిభద్రతల లాంటి కారణాలతో మినహాయింపు ఉంది. ఇంకా సమాచార హక్కు చట్టంలో 8(1)(జె)ని మార్చి, వ్యక్తిగత సమాచారం అంటే చాలు ఆఫీసులు ఇవ్వకుండా ఉండే వీలు కల్పించారు. మా మండలంలో పనుల బిల్లులు ఎవరికి పోయాయో అడిగే కుర్రాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకిది పెద్ద దెబ్బ. మన ప్రైవసీ పేరు చెప్పి ఆఫీసులు తమ కాగితాలు దాచుకున్నట్టయింది.

మీ స్కూలు దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆ తండ్రి మీద కోపం కాసేపు పక్కనబెట్టి ఒకటి చూడండి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఆధార్ నంబర్లు ఉన్న ఎక్సెల్ షీటు మీ టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎన్నిసార్లు తిరిగింది? ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన టీచర్లు ఆ గ్రూపులో ఇంకా ఉన్నారా? ఆన్‌లైన్‌లో ఎక్కించలేక ఆ ఫారాల కట్టల్ని నాలాంటి నెట్ సెంటర్‌కి ఇచ్చారా? మా దగ్గరికి రెండు స్కూళ్ళవి వచ్చాయి, ఫారాలు అట్టపెట్టెలో వేసి ఆటోలో పంపించారు. పని అయ్యాక తీసుకుపొమ్మంటే మూడు వారాలు ఎవరూ రాలేదు, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

రేపు ఆ తండ్రి వచ్చి "సంతకం పెట్టినవాళ్ళ కాగితాలు ఎక్కడున్నాయి మాస్టారూ" అని అడిగితే బీరువా చూపించగలిగేట్టు ఉండండి. ఒప్పించడం కన్నా అది ముందు చెయ్యాల్సిన పని. ఆయన వద్దని రాసిచ్చిన ఫారానికి తేదీ వేసి, స్కూల్ ముద్ర కొట్టి, ఒక జిరాక్స్ ఆయనకే ఇవ్వండి, మళ్ళీ ఎవరూ ఆయన్ని అడగకుండా ఉంటుంది. ఇచ్చిన సమ్మతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చనే సంగతి కూడా మిగతా తల్లిదండ్రులకు చెప్పండి, చాలామంది ఫారం చదవకుండానే పెట్టేసి ఉంటారు.

ఫేస్‌బుక్ ఫొటోల సంగతి వేరేగా, స్నేహంగా, టీ తాగేటప్పుడు చెప్పండి. యూనిఫాం మీద స్కూలు పేరు కనబడే ఫొటో ఒక్కటైనా తీసెయ్యమనండి. ఫారం చేతిలో పట్టుకుని మాత్రం ఆ మాట ఎత్తకండి.